ఆరోగ్య సలహాలు: మొటిమల వైద్యం నాన్న చేయించాలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను కాస్త ఇరుకున పెట్టింది. మామూలుగా నాకు వచ్చే ప్రశ్నలకు నేను చదువుకున్న వైద్యం సరిపోతుంది. ఈ అమ్మాయి అడిగినదానికి లా పుస్తకం కూడా తిరగేయవలసి వచ్చింది. మా వీధి చివర వుండే ప్లీడరు గారింటికి రెండు సాయంత్రాలు వెళ్లి, ఆయన కాఫీ తాగి, ఆయన బుర్ర తిని, తెలుసుకున్నది కూడా కలిపి రాస్తున్నాను. ఇదే సంగతి మీద మరి రెండు ఉత్తరాలు కూడా వుండటంతో ఈ వారం పేజీ అంతా దీనికే కేటాయిస్తున్నాను. షుగరు, బీపీల వారు ఒక్క వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నాకు 16 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా మొహం నిండా మొటిమలు. మొదట నుదుటి మీద చిన్న చిన్న గింజల్లా వచ్చాయి. ఇప్పుడు బుగ్గల మీద, దవడ కింద గడ్డల్లా లేచి, ముట్టుకుంటే నొప్పిగా వుంటున్నాయి. కొన్ని మానినచోట గుంటలు పడ్డాయి. మా మేనత్త కొడుకు మందుల షాపులో పనిచేస్తాడు. బావ ఇచ్చిన క్రీము రాస్తే నాలుగు రోజుల్లో తగ్గింది. మానేస్తే రెట్టింపుగా వచ్చాయి. చర్మ వ్యాధుల డాక్టరుకి చూపించమని నాన్నను అడిగితే, 'మొటిమలకు డాక్టరేమిటి? వయసు వస్తే అందరికీ వస్తాయి, పెళ్లయితే అవే పోతాయి' అంటారు. మాకు కిరాణా కొట్టు వుంది. తిండికీ బట్టకీ లోటు లేదు. తమ్ముడికి బోర్డు మీద అక్షరాలు కనబడటం లేదంటే మర్నాడే కళ్లజోడు కొన్నారు. నేను కాలేజీలో చున్నీ మొహానికి చుట్టుకుని వెనక బెంచీలో కూర్చుంటున్నాను. ఫొటో దిగి రెండేళ్లయింది. పిల్లలకు వైద్యం చేయించడం తల్లిదండ్రుల చట్టరీత్యా బాధ్యత అని విన్నాను. మొటిమలకు అది వర్తించదా? నాన్న తీసుకువెళ్లకపోతే నేను ఒక్కదాన్నే వెళ్లి చూపించుకోవచ్చా? నా పేరు వేయవద్దు.
— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మాయ్, నీ పేరు వేయడం లేదు, భయపడకు. ముందుగా నువ్వడిగిన చట్టం సంగతి చూద్దాం.

వర్తిస్తుంది. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో మైనరు పిల్లలను పోషించే బాధ్యత తండ్రికీ తల్లికీ ఇద్దరికీ వుందని 20వ సెక్షను చెబుతుంది. మరి పోషణ అంటే ఏమిటి? రెండు పూటలా అన్నం పెట్టడమేనా? కాదు. అదే చట్టం మొదట్లోనే, 3వ సెక్షనులో దానికి అర్థం చెప్పారు. తిండి, బట్ట, నివాసం, చదువు, వీటితోపాటు వైద్య సహాయం, చికిత్స. అంటే వైద్యం అన్నది తండ్రి దయ తలచి చేయించేది కాదు, అన్నం ఎంతో అదీ అంతే. ముస్లిములు, క్రైస్తవులు, పార్సీల వంటి వారికి ఈ చట్టం వర్తించదు గాని, ఏ మతం వారయినా సరే, స్తోమతు వుండి మైనరు పిల్లలను పోషించకపోతే మేజిస్ట్రేటు నెల నెలా ఇంత ఇమ్మని ఆజ్ఞాపించవచ్చు. చాలా ఏళ్లపాటు దీన్ని అందరూ 125వ సెక్షను అనేవారు. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షను అయింది. పిల్లలంటే 18 ఏళ్లు నిండనివారు. 1875 నాటి మెజారిటీ చట్టం పెట్టిన లెక్క అది.

ఇంతవరకు నీవైపే వుంది. ఇక రెండో వైపు చూడు. చట్టంలో జబ్బుల జాబితా ఏమీ లేదు. ఫలానా జబ్బుకు చేయించాలి, ఫలానాదానికి అక్కరలేదు అని ఎక్కడా రాసి వుండదు. కోర్టు చూసేది, అడిగేవారి కోరిక సబబైనదా, ఇచ్చేవారికి ఆ తాహతు వుందా, ఇంట్లో ఇంకెంతమంది వాళ్లమీద ఆధారపడి వున్నారు అన్నవి. కనుక అసలు ప్రశ్న 'మొటిమలు జబ్బేనా' అన్నది కాదు. 'నీ మొటిమలకు వైద్యం సబబైన అవసరమా' అన్నది. నుదుటి మీద నాలుగు గింజలుంటే నేను కూడా మీ నాన్నగారి పక్షమే. సబ్బుతో మొహం కడుక్కో, పో అనేవాణ్ణి. కాని నువ్వు రాసినవి గింజలు కావు. నొప్పి పుట్టే గడ్డలు, మానినచోట గుంటలు. గుంట పడిందంటే చర్మం లోపలి పొర దెబ్బతిన్నదన్నమాట. అది పెళ్లికీ పోదు, పేరంటానికీ పోదు. అత్యవసరం కాదన్న మాట నిజమే, ఈ రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తనక్కరలేదు. అంతమాత్రాన అవసరం కాదని అర్థం కాదు. మీ తమ్ముడి కళ్లజోడు మాత్రం అత్యవసరమా? అది లేకపోయినా ప్రాణం పోదుగా. చదువు పోతుంది. నీది కూడా పోతోంది, వెనక బెంచీలో చున్నీ చాటున.

అయితే కేసు పెట్టాలా? వద్దు తల్లీ. ప్లీడరు గారు కూడా ఇదే మాట అన్నారు, అదీ ఫీజు తీసుకోకుండా. మనోవర్తి చట్టాలు బిడ్డను పూర్తిగా వదిలేసిన తండ్రులకోసం పుట్టినవి. పూత మందుకోసం కోర్టు మెట్లెక్కితే మందు వచ్చేసరికి నీకు 18 నిండుతాయి, ఇంట్లో మాత్రం మాటలుండవు. పిల్లలను కావాలని నిర్లక్ష్యం చేసి, వారిని అనవసరమైన బాధకు గురిచేస్తే శిక్షించే సెక్షను కూడా ఒకటుంది, 2015 బాలల న్యాయ చట్టంలో 75వది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. మీ నాన్నగారికి దానికీ ఏ సంబంధమూ లేదు. ఆయన నిర్లక్ష్యం చేసేవారు కారు, తెలియనివారు. ఈ రెంటికీ చాలా దూరం. చీము పట్టి, జ్వరం వచ్చి, కీళ్ల నొప్పులతో మంచాన పడ్డ పిల్లను కూడా డాక్టరుకు చూపించనివాడి సంగతి వేరు. మొటిమల్లో అరుదుగా అలాంటి తీవ్రమైన రకం కూడా వుంది. అప్పుడది 'తర్వాత చూద్దాం' అనే జబ్బు కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లవలసిన జబ్బు.

ఒక్కదానివే వెళ్లవచ్చా అని అడిగావు. మీ అమ్మగారి ప్రస్తావన ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎందుకో? ఆవిడను తీసుకుని వెళ్లు. చాలామంది తండ్రి సంతకం వుంటేనే చెల్లుతుందనుకుంటారు. మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అని 1956 నాటి మరో చట్టంలో వున్న మాట నిజమే. ఆ 'తర్వాత' అన్నదానికి తండ్రి చనిపోయాక అని అర్థం చెప్పుకోనక్కరలేదని, ఆయన ఏ కారణం చేతనైనా ఆ పని చూడనప్పుడు తల్లి చూడవచ్చని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తేల్చింది. అయినా చర్మం డాక్టరు దగ్గరికి కూతుర్ని తీసుకువెళ్లడానికి ఏ తల్లికీ సుప్రీంకోర్టు తీర్పు అక్కరలేదు, బస్సు చార్జీలుంటే చాలు.

నువ్వొక్కదానివే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఓపీ చీటీ తీసుకుంటే నిన్నెవరూ గేటు దగ్గర ఆపరు. డాక్టరు చూస్తాడు, సలహా చెబుతాడు, మామూలు పూత మందు రాసినా రాయవచ్చు. మన నేర చట్టంలో 12 ఏళ్లలోపు పిల్లల సమ్మతి చెల్లదని వుంది. 12కూ 18కీ మధ్య వయసు వారి సంగతి అంత సూటిగా రాసిలేదు. అందుకని డాక్టర్లం 18 దాకా పెద్దవారిని వెంట తెచ్చుకోమంటాం. మింగే మందులు, రక్త పరీక్షలు, సూదితో పని పడేవి అయితే తప్పకుండా అంటాం. అది నీమీద అనుమానం కాదు, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరికి చెప్పాలి అన్న జాగ్రత్త. మీ జిల్లాలో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వుంది. అక్కడ చర్మ వ్యాధుల విభాగం వుంది. చూడటానికి ఫీజు లేదు. ఈ ఒక్క ముక్క చెబితేనే చాలామంది నాన్నలు మెత్తబడతారు.

ఇప్పుడు ఆ క్రీము సంగతి. అసలు నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది నాన్నగారు కాదు, బావ. నాలుగు రోజుల్లో మంత్రించినట్లు తగ్గి, మానగానే రెట్టింపుగా వచ్చిందంటే అందులో స్టిరాయిడ్ వుందని నా గట్టి అనుమానం. ఆ ట్యూబు పారేయకు, డాక్టరుకు చూపించు. స్టిరాయిడ్ ఎరుపును, వాపును అణచిపెడుతుంది. చర్మం నున్నగా, తెల్లగా అయినట్లు కనబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి కింద ఎర్రటి సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి. ఎండలోకి వెళితే మంట, మొహాన నూగు వెంట్రుకలు, ఇవన్నీ పోను స్టిరాయిడ్ వల్లనే పుట్టే మొటిమలు వేరే. ఆడపిల్లలు 'తెల్లబడతాం' అని రాసుకుని, మానలేక, రాయలేక ఏడుస్తూ వచ్చేవారు నా దగ్గరికి నెలకు ఇద్దరు ముగ్గురైనా వుంటారు. ఈ గోల పడలేకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములు అనేకం షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. బావ మంచివాడే కావచ్చు. కాని ఆ పని చట్టానికి విరుద్ధం. తమాషా ఏమిటంటే, ఈ మొత్తం కథలో చట్టం నిజంగా వేలెత్తి చూపేది నాన్నను కాదు, ఈ అమ్మకాన్ని.

మొటిమలు ఎందుకు వస్తాయంటే, ఈ వయసులో శరీరంలో ఆండ్రోజెన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఆడపిల్లల్లో కూడా పెరుగుతాయి, కంగారు పడకు. అవి వెంట్రుక కుదుళ్ల దగ్గర వుండే నూనె గ్రంథులను రెచ్చగొడతాయి. నూనె ఎక్కువవుతుంది. కుదురు మూతి దగ్గర మృతకణాలు పేరుకుని బిరడాలా మూసుకుంటుంది. లోపల చిక్కుకున్న నూనెలో చర్మం మీద ఎప్పుడూ వుండే ఒక రకం సూక్ష్మజీవులు పెరిగి వాపు, చీము పుట్టిస్తాయి. ఆ వాపు పైపైనే వుంటే గింజ, లోతుకు దిగితే గడ్డ, గడ్డ పగిలి మానితే గుంట. కథంతా ఇంతే. దీనిలో రక్తం చెడిపోవడం లేదు, వేడి చేయడం లేదు, నీ నడవడికతో ఏ సంబంధమూ లేదు. ఆవకాయ మానెయ్యి, వంకాయ మానెయ్యి అని ఎవరైనా అంటే నవ్వి వూరుకో. తీపి పదార్థాలు, మైదాతో చేసినవి, కూల్‌డ్రింకులు ఎక్కువగా తింటే కొందరికి పెరుగుతాయనడానికి మాత్రం కొంత ఆధారం వుంది. పాలు కూడా కొందరికి పడవు. తగ్గించి చూడు, తేడా లేకపోతే మళ్లీ తాగు.

ఒకటి అడగడం మరచిపోయాను. నీకు నెలసరి సక్రమంగా వస్తోందా? రెండు మూడు నెలలకొకసారి వస్తూ, గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు కూడా మందంగా వస్తుంటే అండాశయాల తాలూకు హార్మోన్ల తేడా వుండవచ్చు. ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు. అది వుంటే నీ మొహం మీద మందు రాస్తే చాలదు.

వైద్యం ఎలా వుంటుందంటే, తేలిక రకానికి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్, రాత్రిపూట అడపాలిన్ 0.1 శాతం జెల్ శనగగింజంత మొహమంతటికీ పలచగా. గింజ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే చోటంతా రాయాలి. ఎందుకంటే వచ్చినదాన్ని మాన్పడంకన్నా రాబోయేదాన్ని ఆపడం దాని పని. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, కొంచెం మండుతుంది. అప్పుడే చాలామంది 'పడలేదు' అని మానేస్తారు. రోజు విడిచి రోజు రాసి నెమ్మదిగా అలవాటు చేసుకోవాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే దిండు గలీబు, చున్నీ తెల్లగా వెలిసిపోతాయి, పాత బట్ట వాడు. మందు పనిచేసిందా లేదా అన్నది ఆరు నుంచి ఎనిమిది వారాల లోపల తేల్చకూడదు. నీలాంటి గడ్డల రకానికి వీటితోపాటు డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర కొన్ని వారాలు, నెలలు ఇస్తారు. దాన్ని గ్లాసెడు నీళ్లతో కూర్చుని మింగాలి, మింగి వెంటనే పడుకుంటే గొంతులో పుండు పడుతుంది. దానికీ లొంగకపోతే ఐసోట్రెటినాయిన్ అనే మందు వుంది. చాలా శక్తివంతమైనది, చాలామందిలో మొటిమలను దాదాపు మాపేస్తుంది. కాని గర్భంలో వున్న శిశువుకు ఘోరమైన అవకరాలు తెస్తుంది. కనుక పెళ్లీడు ఆడపిల్లలకు, స్త్రీలకు ఇచ్చేముందు డాక్టర్లు ఎన్నో జాగ్రత్తలు తీసుకుంటారు, రక్త పరీక్షలు చేస్తారు. అది బావ షాపులో చీటీ లేకుండా దొరికినా సరే, చచ్చినా మింగకు.

ఈ లోపల రోజుకు రెండుసార్లు మామూలు సబ్బుతో మెత్తగా కడుక్కో. గోకడం, పీచుతో రుద్దడం, చిదమడం పనికిరాదు. గోళ్లతో గిల్లితే గుంటలు పడే అవకాశం పెరుగుతుంది. తలకు కొబ్బరినూనె కారేటట్లు రాసుకుని పడుకునే అలవాటుంటే తగ్గించు. నుదుటి మీద మొదలయ్యాయన్నావు కదా, నూనె అక్కడికే జారుతుంది.

ఇక ఈ నాలుగు మాటలు మీ నాన్నగారికి. పేజీ మడిచి ఆయన గల్లాపెట్టె మీద పెట్టు.

అయ్యా, మీరు చెప్పిన మాటే నేను కూడా ఒకప్పుడు చెప్పాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక తండ్రి పదిహేడేళ్ల కుర్రాణ్ణి తీసుకువచ్చాడు, వీపు నిండా, మొహం నిండా గడ్డలు. వరండాలో జ్వరాల వాళ్లు, విరేచనాల వాళ్లు బారులు తీరి వున్నారు. 'వయసు మొటిమలండీ, ఏడాదిలో అవే పోతాయి, ఫీజు కూడా వద్దు' అని భుజం తట్టి పంపించాను. గొప్పపని చేశాననుకున్నాను కూడా. నాలుగేళ్లకు ఆ అబ్బాయి వేరే పనిమీద వచ్చాడు. నేను చెప్పినట్లే మొటిమలు పోయాయి. మొహం మాత్రం వానకు దెబ్బతిన్న మట్టిగోడలా వుంది. 'అప్పుడు మందేమీ లేదా డాక్టరు గారూ?' అని అడిగాడు. వుండేది. ఆ రోజు రాసివుంటే ఆ గుంటల్లో చాలా భాగం పడేవి కావు. ఆ తర్వాత వాటిని పూడ్చడానికి లేజర్లకు, సూదులకు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా అయ్యేది కాదు. వ్యాపారం చేసేవారు, లెక్క మీకే బాగా తెలుస్తుంది. మందు నెలకు కొన్ని వందలు, ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే అంత కూడా కాకపోవచ్చు. గుంట పడ్డాక వేలు. అమ్మాయి మిమ్మల్ని సినిమాకో చీరకో డబ్బులడగలేదు. రెండేళ్లు ఆగి, అప్పుడు ఇలా తెలియనివాడికి ఉత్తరం రాసింది. ఆదివారం కొట్టు కట్టేస్తారు కదా, సోమవారం మధ్యాహ్నం దాకా తెరవకపోతే ఏమీ కాదు. మీరే స్వయంగా తీసుకువెళ్లండి. ఆసుపత్రి ఓపీకి ఉదయమే వెళ్లాలి.

ప్రశ్న: మా వాడికి 15 ఏళ్లు. పదో తరగతి. రెండు మూడు మొటిమలున్నాయి. స్నేహితులు చెప్పారని ఒక క్లినిక్కులో మొహం 'గ్లో' వచ్చే ప్యాకేజీ 25 వేలంటే కట్టమని తిండి మానేసి కూర్చున్నాడు. 'నా చర్మానికి ఖర్చు పెట్టడం నీ లీగల్ డ్యూటీ' అని నాకే పాఠం చెబుతున్నాడు. నిజమేనా?
— ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ అబ్బాయికి లాయరయ్యే లక్షణాలున్నాయి, సంతోషించండి. చికిత్స మీ బాధ్యత. గ్లో మీ బాధ్యత కాదు. తెల్లబడటానికి, మెరవడానికి పెట్టే ఖర్చు చట్టం చెప్పే వైద్యంలోకి రాదని ఏ ప్లీడరైనా చెబుతాడు. ఆ ఉన్న రెండు మొటిమలకు ఒకసారి చర్మ వ్యాధి నిపుణుడికి చూపించి, ఆయన రాసిన ట్యూబు కొనివ్వండి. దానితో మీ ధర్మం తీరింది. 15 ఏళ్ల పిల్లవాడి పేరుమీద ఎవరైనా ప్యాకేజీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. ఇక తిండి సంగతంటారా, రెండు పూటలు చూడండి.

అయితే ఒక్కటి. ఇంట్లో అద్దం ముందు ఎంతసేపుంటున్నాడు, స్నేహితులతో కలుస్తున్నాడా, నిద్ర పోతున్నాడా గమనించండి. రెండు మొటిమలనే మొహమంతా పాడైనట్లు భావించుకుని కుమిలిపోయే పిల్లలు కొందరుంటారు. అలాంటి వాడికి కావలసింది ట్యూబు కాదు, కూర్చుని మాట్లాడే మనిషి. అవసరమైతే మనోరోగ వైద్యుడు. అది కూడా మీ బాధ్యతలోకే వస్తుంది.

ప్రశ్న: నేనూ నా భర్తా విడిగా వుంటున్నాం. కోర్టు చెప్పినట్లు బాబు ఖర్చులకు నెలనెలా కొంత పంపుతున్నారు. బాబుకు 14 ఏళ్లు. ఏడాది నుంచి మొహం మీద, మోచేతుల మీద తెల్ల మచ్చలు వస్తున్నాయి. బొల్లి అన్నారు. వారానికి రెండుసార్లు లైటు చికిత్సకు తీసుకురమ్మన్నారు. ప్రయాణాలకు, మందులకు డబ్బు చాలడం లేదు. ఆయన్ని అడిగితే 'ప్రాణం పోయే జబ్బా? అందం కోసం నేనివ్వను' అన్నారు. అత్తగారేమో అది కుష్టని, మా వైపునుంచి వచ్చిందని అంటున్నారు.
— ఒక తల్లి, అనంతపురం

జవాబు: అత్తగారితో మొదలుపెడదాం. బొల్లికీ కుష్టుకూ ఏ సంబంధమూ లేదు. కుష్టు మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది, అది సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దానికి మందు వుంది, పూర్తిగా నయమవుతుంది. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే వుంటుంది. అది అంటుకోదు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడటం వల్ల వస్తుంది. కొన్ని కుటుంబాల్లో కనబడుతుంది గాని, మీ వైపునుంచా, వారి వైపునుంచా అని పంచాయితీ పెట్టుకుంటే మచ్చకు రంగు రాదు.

లైటు చికిత్స అంటే ఒక ప్రత్యేకమైన అతినీలలోహిత కిరణాల చికిత్స. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి చేయాలి. మొహం మీది మచ్చలు బాగా లొంగుతాయి. వేళ్ల చివర్లు, పెదవుల దగ్గరవి మొండివి. కొత్త మచ్చలకు పనిచేసినట్లు పాతవాటికి పనిచేయదు. కనుక 'తర్వాత చూద్దాం' అనడంలో నిజంగా నష్టం వుంది. ఇది అందం కోసం చేసేది కాదు, జబ్బుకు చేసే వైద్యం. ఆ ముక్క డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. జబ్బు పేరు, చికిత్స పేరు, ఎన్ని నెలలు, వారానికి ఎన్నిసార్లు, ఆలస్యమైతే ఏమవుతుంది అన్నవి అందులో వుండాలి. బస్సు టికెట్లు, మందుల బిల్లులు ఒక కవరులో దాచండి.

పరిస్థితి మారినప్పుడు మనోవర్తి మొత్తం పెంచమని అదే కోర్టును అడగవచ్చు. పాత 127వ సెక్షను ఇప్పుడు కొత్త సంహితలో 146. మీకు ఆజ్ఞ 1956 చట్టం కింద వచ్చివుంటే అందులోనూ 25వ సెక్షను అదే చెబుతుంది. ఒకప్పుడు మేజిస్ట్రేటు నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించడానికి వీలుండేది కాదు. 2001లో ఆ హద్దు తీసేశారు. మేజిస్ట్రేటు కోర్టయితే అవసరం, స్తోమతు చూసి ఎంతైనా పెంచవచ్చు. ప్లీడరు ఫీజుకు దిగులు పడకండి. 1987 న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం వుంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

అది తేలేదాకా చికిత్స ఆపవద్దు. మీ వూళ్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మ విభాగం వారిని లైటు యంత్రం సంగతి అడగండి. వీలుకాకపోతే పూత మందులతో మొదలుపెడతారు, కొంతమంది పిల్లలకు ఎండలో కొద్ది నిమిషాలు నిలబడటం కూడా డాక్టరు లెక్క ప్రకారం చెబుతారు. సొంత లెక్కన చేయవద్దు, బొల్లి మచ్చ తేలికగా కాలుతుంది.

బాబుకు స్కూల్లో పక్కన కూర్చోవడానికి పిల్లలు జంకుతున్నారేమో కనుక్కోండి. అలా వుంటే, ఇది అంటుకునేది కాదని డాక్టరు చేత ఇంకో చిన్న చీటీ రాయించి హెడ్మాస్టరు గారికి ఇవ్వండి. అడిగితే ఏ డాక్టరైనా రాస్తాడు.